నన్ను ఫెయిల్ చెయ్యి సారూ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. టీ తాగుతూ వింటారు కాబట్టి నాకూ చెప్పబుద్ధి అవుతుంది. నేను ఒకామెను పరీక్ష పాస్ చేయించాను. ఆమె ఆ పరీక్ష పూర్తిగా రాయలేదు. పాస్ చేయమని అడగలేదు. పాసైనందుకు సంతోషించనూ లేదు. పైగా ఏడాది పాటు నా ఆఫీసు మెట్లెక్కి, తనను ఫెయిల్ చేయమని బతిమాలింది. నాకు అంతకంటే పెద్ద విజయం లేదు.

నేను మొదట నకిరేకల్ దిక్కు బడిలో లెక్కల సారును. సర్వీసు చివరి ఏళ్లలో డెప్యుటేషన్ మీద కొత్తకోట దగ్గర ఒక మండలానికి వయోజన విద్య సమన్వయకర్తగా వెళ్లాను. ఎందుకు వెళ్లావని మా ఆవిడ అడిగితే పెద్దలకు సేవ అని చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే బడిలో పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. పెద్దల చదువులో ఆ బాధ ఉండదని నా లెక్క. లెక్కల సారు లెక్క ఎంత బాగా తప్పిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. పెద్దల చదువు కేంద్రాలు రాష్ట్రమంతా అల్లుకుపోతున్నాయి. సర్కారు తుమ్మకు ఎవరూ నీళ్లు పోయరు, అయినా చెలకంతా అదే అవుతుంది కదా, అలా. మా ఆఫీసు గోడకు ఒక చార్టు ఉండేది. పైన పెద్ద గుండ్రం హైదరాబాదు. దాని కింద జిల్లాలు, వాటి కింద మండలాలు, ఆ కింద ఊళ్లు. అన్నిటినీ కలుపుతూ గీతలు. నేను నీలం గుండ్రాన్ని. జిల్లాలు ముక్కలయ్యాక ఆ చార్టును మళ్లీ గీయించారు, గుండ్రాలు ఇంకా పెరిగాయి. చదువుకునే మనుషులకు మాత్రం అందులో గుండ్రం లేదు. అడిగితే, కాగితం అక్కడికి అయిపోయింది అన్నారు.

ఫోన్లలో మాకొక గ్రూపు ఉండేది. పొద్దున లేస్తే నూట యాభై శుభోదయాలు, వాటి మధ్యన తరగతుల ఫొటోలు. ఒకే ఫొటో మూడు ఊళ్ల పేర్లతో వచ్చిన రోజులున్నాయి. మూడింటికీ పైనుంచి చప్పట్లే వచ్చాయి. నేనూ కొట్టాను, నా ఫొటోకు వాళ్లు కొట్టాలి కదా.

ఇలాంటి మండలంలో ఒక్క ఊళ్లో మాత్రం ఎవరి ఖర్మో గాని నిజంగా చదువు చెప్పేవాళ్లు. ఊరి కేంద్రం నడిపే మనిషిని ప్రేరక్ అనేవాళ్లం. ఆ ఊరి ప్రేరక్ ఇంటర్ చదివిన కోడలు పిల్ల. పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఒక పెట్టెడు పుస్తకాలు, ఒక క్యారంబోర్డు, గోడకు నల్లబల్ల ఆమె ఆస్తి. మధ్యాహ్నం పూట ఆడవాళ్లను పోగుచేసి ఓపికగా దిద్దించేది. క్యారంబోర్డు మీద దుమ్ము పేరుకుపోయి ఉండడం చూసి, ఈ కేంద్రం సరిగా నడవడం లేదని మొదటిసారి నేనే రిపోర్టు రాశాను.

నేను చెప్పే మనిషి అక్కడే తగిలింది. యాభై దగ్గర పడిన ఆడమనిషి. గొర్లు కాసుకునే ఇల్లు. అందరికంటే ముందు వచ్చి నల్లబల్ల ముందు కూర్చునేది. నేను తనిఖీకి పోయినప్పుడు, పైవాళ్లు రాసి ఇచ్చిన ప్రశ్న ఒకటి నోట్లో పెట్టుకుని అడిగాను, "చదువు వల్ల ఏం లాభం అమ్మా?" అని. మిగతావాళ్లు నేర్పిన జవాబే చెప్పారు, చదువు వెలుగు అని. ఆమె మాత్రం నన్ను కిందికీ మీదికీ చూసింది.

"వెలుగు గిలుగు నాకు తెల్వది సారూ. మా ఆయన గొర్లను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోతడు. నెలల తరబడి రాడు. ఇంటికాడ గొర్రెపిల్లలు నా మీదనే. పశువుల దవాఖానల రెండు సీసలిస్తరు. ఒకటి నట్టల మందు, తాపేది. ఇంకోటి పిడుదుల మందు, ఒంటికి పూసేది. రెండూ తెల్లగనే ఉంటయి. గుర్తుకు ఒక సీసకు దారం కట్టిన. దారం ఊడింది. పూసేది తాపిన."

ఒళ్లోని పలక తీసి పక్కన పెట్టింది.

"ఏడు పిల్లలు. నా ముంగటనే కొట్టుకొని కొట్టుకొని పాణం ఇడిసినయి. సీస మీద చిట్టీ అంటిచ్చే ఉన్నది సారూ. పూసేది అని రాసే ఉన్నది. నాకు సదువ రాలే, గంతే."

నేను నా డైరీలో 'అభ్యాసకులు ఉత్సాహంగా ఉన్నారు' అని రాసుకుని వచ్చాను.

ఇక పరీక్ష. బయటివాళ్లకు ఆ పరీక్ష పద్ధతి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా ఎవరు ఎప్పుడైనా వచ్చి రాసి పోవచ్చు. కొంత చదవాలి, కొంత రాయాలి, నాలుగు లెక్కలు చేయాలి. కూలికి పోయేవాళ్ల కోసం మంచి మనసుతో పెట్టిన పద్ధతే. మంచి మనసులో ఎక్కడ సందుంటుందో మన జనం ఇట్టే పట్టేస్తారు. మా మండలంలో పరీక్ష రోజున మంచి చేతిరాత ఉన్న కోడళ్లకు పెళ్లి సీజన్లో వంటవాళ్లకున్నంత గిరాకీ. ఒక్కో కోడలు తన అత్తది, పక్కింటి అత్తది, వెనకింటి అత్తది కూడా రాసేది. నేను చూసీ చూడనట్టు బయట వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. అత్త పరీక్ష కోడలు రాస్తే అది కాపీ కాదు, ఉమ్మడి కుటుంబం అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఈమె మాత్రం కాగితం ఎవరినీ ముట్టనివ్వలేదు. "నాది నేనే రాస్త" అని మోకాళ్ల మీద పలక పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని, రెండు గంటలు కష్టపడింది. పేరు రాసింది. ఊరి పేరు రాసింది. చిన్న చిన్న మాటలు నాలుగు కూడబలుక్కుని చదివింది. మూడింటికి లేచి కొంగు దులుపుకుంది.

"గొర్రెపిల్లలకు పాలిడిసే యాళ్లయితాంది సారూ. మిగిలింది ముందటి పరీక్షల రాస్త. గంత తొందరేమున్నది?"

ఆమెకు లేదు గాని నాకుంది. ఆ ఊరి జాబితాలో అందరి పేర్ల పక్కన టిక్కు పడింది, ఈమె పేరు పక్కన తప్ప. అదొక్కటి పడితే మా మండలంలో మొట్టమొదటి సంపూర్ణ అక్షరాస్యత గ్రామం అదే. జిల్లా ఆఫీసరు పొద్దున నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "ఎంతమంది మిగిలారు?" "ఒక్కరే సార్." "ఒక్కరికోసం రాష్ట్రం ఆగాల్నా?" రాష్ట్రం నా మూలంగా ఆగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆమె వెళ్లిన అరగంటకు నేనే ఆమె కాగితం ముందు వేసుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లల చేతిరాత బాగుచేసినవాణ్ణి, ఆ మధ్యాహ్నం నా చేతిరాత పాడుచేసుకోవడానికి చెమటోడ్చాను. ఎడమ చేత్తో రాశాను. అక్కడక్కడ తప్పులు పెట్టాను. ఒక లెక్క కావాలనే తప్పు చేశాను, లెక్కల సారుకు అదెంత కష్టమో ఎవరికీ తెలియదు. ప్రేరక్ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సార్, గొర్ల అత్తమ్మకు ఇంకా ఒత్తులు రావు. మీరు ఒత్తులు రాసిన్రు" అంది.

ఎత్తిపొడుపో, సాయమో అప్పుడు నాకర్థం కాలేదు. ఒత్తులు కొట్టేశాను. పాస్ మార్కులు వేశాను.

నెల తిరక్కుండా ఊరి మొదట్లో బోర్డు లేచింది. 'ఈ గ్రామంలో నిరక్షరాస్యులు లేరు.' పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చాడు, డప్పు కొట్టించారు, కొబ్బరికాయ కొట్టారు. ఆడవాళ్లందరినీ బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీశారు. ఫొటో అయ్యాక ముందు వరుసలో ఉన్న ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఏం రాసిన్రు బిడ్డా గా బోర్డు మీద?" అని అడిగింది. మీకందరికీ చదువొచ్చని రాశారు అవ్వా అన్నాను. "మంచిగనే ఉన్నది" అంది.

నవ్వుకుంటూ ఇంటికి పోయాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పైనుంచి ఉత్తరం వచ్చింది. చదువు రానివాళ్లు లేని ఊళ్లో చదువు కేంద్రం ఎందుకు, దాన్ని మూసి సామాను ఇంకో ఊరికి తరలించండి అని. తప్పు పట్టడానికి వీల్లేని ఉత్తరం. రోగులు లేని ఊళ్లో దవాఖాన ఎందుకు? పెట్టె, నల్లబల్ల, క్యారంబోర్డు ట్రాలీ ఆటోలో ఎక్కించాం. ప్రేరక్ పిల్ల తాళంచెవి నా చేతిలో పెట్టి, "మంచిగ పనిచేసినోళ్ల కేంద్రమే మూతపడ్తది కదా సార్" అంది. ఇప్పుడు అర్థమైంది, ఆమెది ఎత్తిపొడుపే. ఆ తర్వాత మొగుడితో హైదరాబాదు వెళ్లి ఏదో బట్టల షాపులో పనికి కుదిరిందని విన్నాను.

పది రోజులకు మా గొర్లామె ఆఫీసుకు వచ్చింది. చేతిలో వాచకం. సగం దాకా పేజీలు నలిగి ఉన్నాయి, మిగతా సగం కొత్తగానే ఉంది.

"సారూ, నేను పాసైన్నట గద?"

"అవునమ్మా. సంతోషమే కదా."

"నేను సగం గూడ రాయలే, ఎట్ల పాసైన?"

ఈ ప్రశ్నల బాధ పడలేకే కదా నేను బడి వదిలి వచ్చింది! ఏదో గొణిగాను. ఆమె నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"బడి బందు చేసిన్రు. ఎందుకు బందు చేసిన్రంటే నాకు సదువొచ్చిందని చేసిన్రట. నాకు రాలే సారూ. సగం బుక్కు కాడ ఉన్న. చిట్టీ మీద మొదలు అచ్చరం తెలుస్తది, మిగిలినయి తెల్వయి. గట్ల సగం తెలిసి మందు తాపుమంటవా? నన్ను ఫెయిల్ చెయ్యి సారూ. నీ కాళ్లు మొక్కుత, ఫెయిల్ చెయ్యి."

ఇన్ని ఏళ్లు పంతులుగా చేశాను, పాస్ చేయమని కాళ్లు మొక్కినవాళ్లను చూశాను. ఇలాంటి కేసు నాకు కొత్త. నాలో ఇంకా కొంచెం మనిషి మిగిలి ఉన్నాడేమో, అర్జీ రాసి పంపుదాం అన్నాను. 'నాకు చదువు రాదు, పొరపాటున పాస్ చేశారు, మా ఊరి కేంద్రం మళ్లీ తెరవండి' అని ఆమె తరఫున నేనే చక్కగా రాశాను. పొరపాటు ఎవరిదో మాత్రం రాయలేదు. కింద వేలిముద్ర వేయమని స్టాంపు ప్యాడు ముందుకు జరిపాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏలుముద్రా? వచ్చిందే నా పేరొక్కటి. గదిగూడ పోగొట్టుకోవాల్నా? పెన్నియ్యి."

అర్జీ బలంగా ఉండాలంటే వేలిముద్రే వేయాలని నచ్చజెప్పాను. వినలేదు. నాలుక మునిపంట పట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేసింది. చేసి, చూసుకుని, మొదటిసారి నా ముందు నవ్వింది.

మూడు నెలలకు జవాబొచ్చింది. అర్జీదారు స్వయంగా సంతకం చేసినందున ఆమె అక్షరాస్యురాలని స్పష్టమగుచున్నది, కావున అర్జీ తిరస్కరించడమైనది. దాంతో పాటు ఇంకొక వాక్యం కూడా ఉంది, అక్షరాస్యులను నిరక్షరాస్యులుగా మార్చే నిబంధన శాఖలో లేదని. ఆ నిబంధన లేకుండానే మేము ఆ పని ఎంత బాగా చేశామో వాళ్లకు తెలియదు పాపం.

మార్గం ఒకటి ఉంది. ఆ కాగితం రాసింది నేను అని నేను చెప్పడం. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఆ ఉత్తరం కూడా రాశాను. తెల్ల కాగితం మీద, కుడి చేత్తో, ఒత్తులతో సహా. నాకింకా పది నెలల సర్వీసుంది. విచారణ వేస్తే పింఛను ఆగిపోతుందని ఎవరో అన్నారు. ఎవరూ అనకపోయినా నాకు తెలుసు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలుగా చింపి పొయ్యిలో వేశాను. సిగ్గు పడ్డాను, కాదనను. కానీ సిగ్గు పడినవాడికి అన్నం సహించదంటారే, అది అబద్ధం. ఆ పూట నేను బాగానే తిన్నాను.

ఆమె మాత్రం ఆశ వదల్లేదు. పశువుల దవాఖానకు వచ్చినప్పుడల్లా మా ఆఫీసు మెట్లెక్కేది. "నా ఫెయిలు ఎందాక వచ్చింది సారూ?" అని అడిగేది. జవాబు వచ్చిన సంగతి దాచి, నడుస్తున్నది అనేవాణ్ణి. పోతూ పోతూ సంచిలోంచి సీసలు తీసి చదివించుకునేది. మీలో ఎవరికో ఇప్పటికే నోటిదాకా వచ్చి ఉంటుంది, నువ్వే పంతులువి కదా, వచ్చినప్పుడల్లా పావుగంట కూర్చోబెట్టి చెప్తే ఆ మిగిలిన సగం పుస్తకం అయిపోయేది కదా అని. నిజమే. ఆ ఆలోచన నాకు రాలేదు. నేను అప్పుడు పెద్దల చదువు మీద రిపోర్టులు రాయడంలో మునిగి ఉన్నాను.

నా పదవీ విరమణ రోజు మండలాఫీసు హాల్లో సన్మానం పెట్టారు. మెడలో చామంతి దండ, భుజాన శాలువా, మా ఆవిడకు నారాయణపేట చీర. ఫ్లెక్సీ మీద నా బొమ్మ నాకంటే పెద్దగా ఉంది. ఒకాయన నన్ను చీకట్లో దివిటీ అన్నాడు. ఇంకొకాయన దివిటీ చాలదని సూర్యుణ్ణి చేశాడు. నేను వద్దు వద్దన్నట్టు చేతులూపుతూ, ఇంకెవరైనా ఏమైనా అంటారేమోనని చూస్తున్నాను. అప్పుడే వెనక తలుపు దగ్గర ఆమె కనబడింది, చంకన సంచితో.

మా జిల్లా ఆఫీసరు కూడా చూశాడు. బోర్డు ఫొటోలో ముందు నిలబడిన మనిషి కదా, గుర్తుంది. మైకు అందుకుని, "ఈ సారు పుణ్యాన యాభై ఏళ్ల వయసులో చదువు నేర్చిన తల్లి మన మధ్యనే ఉన్నది. సారు సన్మాన పత్రం ఆమె చేతనే చదివిద్దాం!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

నా చేతులూపడం ఆగిపోయింది. ఆమెను ముందుకు తోశారు. అద్దం కట్టిన సన్మాన పత్రం చేతికిచ్చారు. ఏడాది నుంచి నాకు చదువు రాదని చెప్పుకోవడానికి మనుషుల కోసం వెతుకుతున్న మనిషి. ఇప్పుడు హాలు నిండా జనం, ముందర మైకు, పక్కనే జిల్లా ఆఫీసరు. ఒక్క మాట చాలు. ఆమె పత్రాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది, నా దండను చూసింది, పక్కన కొత్త చీర ఒళ్లో పెట్టుకున్న మా ఆవిడను చూసింది.

"అద్దాలు తేలే సారూ" అంది మైకులో. "అద్దాలు లేకుంటే నాకు కనపడది."

అందరూ ఫరవాలేదమ్మా అన్నారు. పత్రం ఇంకెవరో చదివారు. ఆమెకు అద్దాలు లేవు, ఎప్పుడూ లేవు. దోమ రెక్కలు కూడా లెక్కపెట్టగల చూపు ఆమెది. నా పరువు కోసం, నా ఎదుటే, నాకోసం అబద్ధమాడింది. ఆ హాల్లో నేను లేచి నిజం చెప్పి ఉంటే ఈ కథ మీకు ఇంకా గర్వంగా చెప్పుకునేవాణ్ణి. చెప్పలేదు. కూర్చునే ఉన్నాను.

భోజనాలవుతుండగా బయట మెట్ల దగ్గర ఆమె నన్ను పిలిచింది. సంచిలోంచి రెండు సీసలు తీసింది.

"దవాఖాన బందున్నది. జర సూడు సారూ, గిండ్ల తాపేదేది, పూసేదేది?"

చదివి చెప్పాను. రెండూ మళ్లీ సంచిలో పెట్టుకోబోతూ ఆగింది.

"రేపటి సంది నువ్వుండవు. ఎవ్వలను అడగాలె?"

నేను జేబు తడుముకున్నాను. బహుమతిగా వచ్చిన కొత్త మార్కర్ పెన్ను తగిలింది. గబగబా సీసలు తీసుకుని, ఒకదాని మీద తెరిచిన నోరు గీశాను. రెండోదాని మీద గొర్రెను గీసి వీపు మీద చుక్కలు పెట్టాను. గొర్రె కొంచెం కుక్కలా వచ్చింది. "ఇదిగోమ్మా, నోరున్నది తాపేది. వీపున్నది పూసేది. ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు" అన్నాను. ఆమె పడ్డ కష్టం తీర్చేశానని నాకు నిజంగానే సంబరమనిపించింది.

ఆమె రెండు సీసలనూ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"దారం కట్టుడు, బొమ్మ గీసుడు నాకూ వచ్చు సారూ" అంది నెమ్మదిగా. "నీ తానికి నేనొచ్చింది అచ్చరాలకు."

సీసలు సంచిలో వేసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. లోపలినుంచి ఎవరో, సార్ మీకోసం విస్తరి వేశాం రండి అని పిలుస్తున్నారు.